ఏమీ జరగని రోజుల విశేషాలు

(కోఠి మహిళా కళాశాల పూర్వ విద్యార్థినుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. నాకంటే ముందు ఇక్కడ చదువుకున్న అక్కలకు, నా తర్వాత చదువుకున్న చెల్లెళ్లకు, ఇప్పుడు చదువుతున్న పిల్లలకు నమస్కారాలు, ఆశీస్సులు.

కరోనా కాలంలో మా బ్యాచ్ వాళ్లం ఒకరికొకరం పంపుకున్న కబుర్ల గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. జీవితమంతా డిగ్రీ విద్యార్థులకు చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని కనుక, ఆ కబుర్లను స్నేహితురాలిగా ఒకసారి, చరిత్ర అధ్యాపకురాలిగా మరొకసారి చదివాను. రెండుసార్లూ నాకు తోచింది ఒకటే. పెళ్లిళ్లు, పురుళ్లు, ప్రయాణాలు, పండుగలు అన్నీ ఆగిపోయి, చెప్పుకోవడానికి ఏ వార్తా మిగలని ఆ రోజుల్లోనే, డెబ్బై ఏళ్లకు చేరువైన మా బ్యాచ్ ఆడవాళ్లు మొదటిసారి తమ గురించి తాము చెప్పుకున్నారు. ఈ పూట నేను చెప్పబోయేది అంతా ఆ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా ఒక షరతు. ఎవరి పేరూ చెప్పను. ఆ మాటలు వాళ్లు మాకోసం రాసుకున్నవి, సభల కోసం కాదు. బతికి ఉన్నవారిని అడిగి, లేనివారి విషయంలో వారి పిల్లలను అడిగి, సరే అన్నవే ఇక్కడ చెబుతున్నాను.

మా బ్యాచ్ అంటే 1968లో ఇక్కడ అడుగుపెట్టినవాళ్లం. 1924లో మొదలైన ఈ కళాశాల 1949లో ఈ రెసిడెన్సీ ఆవరణకు వచ్చిందని మీకందరికీ తెలుసు. అప్పటి బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన ఈ భవనం గురించి, ఆయన భార్య ఖైరున్నిసా బేగం గురించి ఈ వేదిక మీద చాలామంది మాట్లాడి ఉంటారు కనుక ఆ జోలికి పోను. నాకు కావలసినది ఇక్కడికి ఎవరెవరు వచ్చేవారన్నది. ఉర్దూ ఇంటిభాషగా ఉన్న పాతబస్తీ అమ్మాయిలు, సుల్తాన్ బజార్ మరాఠీ కుటుంబాల అమ్మాయిలు, కన్నడం మాట్లాడేవాళ్లు, కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే తెలుగు అమ్మాయిలు, ఆంధ్ర ప్రాంతం నుంచి ఉద్యోగరీత్యా రాజధానికి వచ్చిన గుమాస్తాల, ఇంజనీర్ల కూతుళ్లు, అందరం ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లం. ఉస్మానియాలో ఉర్దూ బోధన భాషగా ఉన్న కాలంలో చదువుకున్న పెద్దవాళ్లు మాకు పాఠాలు చెప్పేవారు. మా నోట్సులు ఇంగ్లిషులో, మా తగాదాలు ఉర్దూలో, మా రహస్యాలు ఎవరి భాషలో వాళ్లవి.

మేము చేరిన కొద్ది నెలలకే, 1969 జనవరిలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మొదలైంది. విద్యార్థుల సమ్మెలతో కళాశాలలు నెలల తరబడి మూతబడ్డాయి, పరీక్షలు వాయిదా పడ్డాయి, ఆ విద్యాసంవత్సరం చాలామంది చేతికి రాకుండానే పోయింది. హాస్టల్ ఖాళీ అయింది. ఇళ్లకు వెళ్లిన అమ్మాయిలను చూస్తూ, ‘కాలేజీ ఎట్లాగూ లేదు కదా’ అని పెద్దలు సంబంధాలు చూశారు. కళాశాల తిరిగి తెరిచిన తర్వాత మాతో కలవని ముఖాలు కొన్ని ఉన్నాయి. ఉద్యమం వాళ్లను ఆపలేదు, మూసిన తలుపులు ఆపాయి. 2020 మార్చి 24 రాత్రి ప్రధానమంత్రి ఇరవై ఒక్క రోజుల లాక్‌డౌన్ ప్రకటించగానే మా వాట్సాప్ గ్రూపులో వచ్చిన మొదటి మాట హనుమకొండలో ఉండే మిత్రురాలిది. ‘మల్ల కాలేజి బంద్ పెట్టిండ్రే’ అని పెట్టింది. మిగతా దేశం ఇదెన్నడూ ఎరగని విషయమని అనుకుంటుంటే, మా వాళ్లకు మాత్రం ఇళ్లలో కూర్చోబెట్టడం కొత్తగా తోచలేదు.

ఆ గ్రూపు ఎలా ఏర్పడిందో కూడా చెప్పాలి, ఎందుకంటే అందులో మన పద్ధతులకు సంబంధించిన సంగతి ఒకటుంది. అమెరికాలో మౌంట్ హోల్యోక్, స్మిత్, వెల్స్‌లీ వంటి మహిళా కళాశాలలు పూర్వ విద్యార్థినుల కోసం పత్రికలు నడుపుతాయి. వాటిలో పట్టా తీసుకున్న సంవత్సరం వారీగా ‘మా తరగతి కబుర్లు’ అనదగిన శీర్షిక ఉంటుంది. ప్రతి తరగతికీ ఒక కార్యదర్శి ఉంటుంది. ఎవరు ఎక్కడ ఉన్నారు, ఏం చేస్తున్నారు, ఎవరు పోయారు అన్నది ఆమె పోగుచేసి అచ్చుకు పంపుతుంది. తొంభై ఏళ్ల ముసలమ్మ కూడా ఫలానా సంవత్సరం తరగతి మనిషిగానే ఆ పుటల్లో కనిపిస్తుంది. మనకు అటువంటి అలవాటు లేదు. మన కళాశాల వార్షిక సంచిక మనం ఉన్నంతవరకే మనది. పట్టా చేతికి వచ్చిన మరుక్షణం నుంచి మనం ఫలానావారి కోడలు, ఫలానా ఆఫీసరుగారి భార్య. ఇంటిపేరు మారుతుంది, ఆయన బదిలీలతో ఊరు మారుతుంది, కొందరికి అత్తవారింట్లో పిలిచే పేరే మారుతుంది. అందుకే మా వాళ్లను వెదకడానికి మాకు ఏళ్లు పట్టింది. ఒకామె దొరికింది వాళ్ల తమ్ముడి ద్వారా, ఎందుకంటే పుట్టింటి పేరు నిలబెట్టుకున్నది అతనే. మగవాళ్ల కళాశాలల పూర్వ విద్యార్థులకు ఈ తిప్పలు లేవు. వాళ్ల పేర్లు రిజిస్టరులో ఎలా ఉన్నాయో టెలిఫోన్ డైరెక్టరీలోనూ అలాగే ఉండేవి.

అలా పోగైన ముప్పై నలభై మందిమి కరోనాకు ముందు ఏం మాట్లాడుకునేవాళ్లమో చూస్తే నాకే విసుగు వస్తుంది. పొద్దున్నే పువ్వుల బొమ్మలు, దేవుడి బొమ్మలు. ఆ తర్వాత శుభలేఖలు. మా అబ్బాయికి ప్రమోషన్ వచ్చింది, మా అమ్మాయి డల్లాస్‌లో ఇల్లు కొన్నది, మనవడు ఫలానా పరీక్షలో ర్యాంకు తెచ్చుకున్నాడు. ఎవరైనా ‘నువ్వెట్లా ఉన్నావే’ అని అడిగితే ‘అందరం బాగున్నాం’ అని జవాబు. అడిగింది ఒకరిని, జవాబు ఇంటిల్లిపాదిదీ. ఇది అబద్ధమని నేను అనను. మా తరం ఆడవాళ్లు తమ వార్తను ఇంటి వార్తలో కలిపి చెప్పడమే మర్యాద అనుకుని పెరిగారు.

2020 వేసవికి ఆ వార్తలన్నీ ఎండిపోయాయి. పెళ్లికి యాభై మందికి మించకూడదన్నారు, అంత్యక్రియలకు ఇరవై మందికి మించకూడదన్నారు. మార్చి 23 నుంచి విదేశీ విమానాలు, 25 నుంచి దేశీయ విమానాలు ఆగిపోయాయి. అరవై ఐదు ఏళ్లు దాటినవారు, గర్భిణులు, పదేళ్లలోపు పిల్లలు ఇంట్లోనే ఉండాలని కేంద్ర హోంశాఖ మార్గదర్శకాలు చెప్పాయి. పదవీ విరమణ చేసిన ప్రిన్సిపాళ్లను, గెజిటెడ్ ఆఫీసర్లను తీసుకుపోయి మూడో తరగతి పిల్లల పక్కన కూర్చోబెట్టారు. మా వాళ్లకు కోపం వచ్చింది కూడా. కానీ చెప్పుకోవడానికి విశేషమంటూ లేకపోయింది.

అప్పుడు మాలో ఒకామె, ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేసి ఆ అధికారాన్ని నేటికీ వదలని మనిషి, ఒక పద్ధతి పెట్టింది. ప్రతి ఆదివారం ఒకరి వంతు. ఆ రోజు ఆమె తన సంగతి తాను రాయాలి, రాయలేకపోతే చెప్పి పంపాలి. ఫార్వర్డ్‌లు పనికిరావు. పిల్లల గురించి రెండు వాక్యాలకు మించకూడదు, మనవల గురించి ఒక్కటి. మీరు నవ్వుతున్నారు గానీ, ఆ రెండు వాక్యాల నియమం లేకపోతే ఈ ఉపన్యాసానికి విషయమే లేదు. మొదటి నెల రోజులు ఆ నియమాన్ని తప్పించుకోవడానికి జరిగిన ప్రయత్నాలు చూడాలి. ఒకామె మనవడి గురించి ఒకే వాక్యం రాసింది, ఆ వాక్యం ఫోను తెర నిండా ఉంది.

మాలో చాలామందికి తెలుగు టైపు చేయడం రాదు. కొందరు ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాశారు, ఉర్దూ స్నేహితురాళ్లు అవే అక్షరాలతో ఉర్దూ రాశారు, కొందరు కాగితం మీద రాసి ఫొటో తీసి పంపారు. ఎక్కువమంది వాయిస్ మెసేజ్‌లు పంపారు. వాటిలో మనిషి గొంతుతోపాటు వెనుక కుక్కర్ కూతలు, టీవీ వార్తలు, ‘ఎవరితో మాట్లాడుతున్నావు’ అన్న భర్తగారి ప్రశ్న కూడా వినిపిస్తాయి. జూమ్‌లో కూడా కలిశాం గానీ అందులో నలభై నిమిషాలకు కాల్ ఆగిపోయేది. మేము ‘వినిపిస్తోందా’ అని ఒకరినొకరం అడిగేసరికే సగం సమయం అయిపోయేది. కాబట్టి నిజమైన సంగతులన్నీ ఆదివారం కబుర్లలోనే ఉన్నాయి.

ఏం చెప్పుకున్నారు? తొలి వారాల్లో అంతా ఇంటిపనే. పనిమనుషులు రావడం ఆగిపోయింది. మోకాళ్ల ఆపరేషన్ చేయించుకున్న మనిషి ఇల్లు తుడవడం ఎలాగో, వంగకుండా తడిగుడ్డ పెట్టడానికి ఏ కర్ర మంచిదో, పెద్ద చర్చ జరిగింది. ఒక ఇంజనీరుగారు, పదవీ విరమణ చేసి పదేళ్లయినవారు, గిన్నెలు తోమడం నేర్చుకుని, ఏ పొడితో ఎంత సేపు తోమితే జిడ్డు పోతుందో ఒక పుస్తకంలో రాసిపెట్టుకున్నారట. నలభై ఐదేళ్లుగా ఆ పని చేసిన భార్య రాయని పుస్తకం అది. ఆమె ఆ సంగతి చెప్పి, ‘బాగానే తోముతున్నారు, కానీ ప్రతి గిన్నెకూ మెచ్చుకోవాలె’ అన్నది.

హనుమకొండ మిత్రురాలు రెండో అంతస్తు ఫ్లాట్‌లో ఒంటరిగా ఉంటుంది. తాడు కట్టిన బుట్ట కిందికి దించి కూరగాయలు పైకి లాక్కునేది. కూరగాయలబ్బాయికి డబ్బు కూడా అదే బుట్టలో. ఆమె రాసిన దానిలో నన్ను ఆపిన చోటు బుట్ట కాదు. పెళ్లి చేసుకోకుండా, అన్నదమ్ముల పిల్లలను చదివించి, ఏ పండుగకైనా ఎవరో ఒకరి ఇంటికి వెళ్లి వంటలో సాయం చేసి వచ్చే మనిషి ఆమె. ‘ఈ ఏడాది ఉగాదికి నా ఇంట్లో నా కోసం పచ్చడి కలుపుకున్న. ఇన్నేండ్లల్ల ఇదే మొదటిసారి’ అని రాసింది. ఆ ఏడాది ఉగాది మార్చి 25న వచ్చింది, లాక్‌డౌన్ మొదటి రోజున. ఆమె దాన్ని బాధగా రాయలేదు. వేపపువ్వు ఎక్కువైందని మాత్రం రాసింది.

అమెరికాలో చిక్కుకుపోయిన మిత్రురాలి కథ ఇంకొకటి. కూతురి పురిటికి వెళ్లింది. మార్చి చివరలో తిరుగు ప్రయాణం. విమానాలు ఆగాయి. తెచ్చుకున్న బీపీ మాత్రలు, థైరాయిడ్ మాత్రలు లెక్కపెట్టుకుని తెచ్చుకున్నవి, అవి అయిపోవచ్చాయి. అక్కడ డాక్టరు చీటీ లేనిదే మాత్ర దొరకదు, ప్రయాణానికి తీసుకున్న బీమా పాత జబ్బులకు వర్తించదు. ఆరు నెలల గడువు దగ్గరపడుతుంటే పొడిగింపుకు దరఖాస్తు. విదేశాల్లో చిక్కుకున్నవారిని తీసుకురావడానికి మే 7న మొదలైన వందేభారత్ విమానాల్లో చోటు కోసం పడిగాపులు. ఇదంతా తెలుగువాళ్ల ఇళ్లలో ఆ ఏడాది ఎందరికో జరిగినదే. మామూలుగా ఈ కథను కూతురు చెబుతుంది, ‘అమ్మ ఇక్కడ ఇరుక్కుపోయింది’ అని. మా మిత్రురాలు తన వంతు ఆదివారం తానే చెప్పింది. మాత్రను సగానికి విరిచి వాడుతున్నట్టు కూతురికి చెప్పలేదని, పసిపిల్లతో ఆ అమ్మాయి పడుతున్న పాట్లు చూస్తూ నోరు రాలేదని, ఇరవై ఏళ్లుగా అమెరికా ప్రయాణాలను గొప్పగా చెప్పుకున్నాను గానీ అక్కడ నేనొక ఆయాను మాత్రమేనని మాకు రాసింది. చదివిన వెంటనే గ్రూపులో ఎవరూ ఏమీ అనలేకపోయారు. తర్వాత ఒకరి వెనుక ఒకరు ‘నేనూ’ అన్నారు. మాలో ఉన్న ఒక డాక్టరు ఆ రాత్రే ఆమెకు ఫోను చేసి, మాత్రలు విరిచినందుకు చీవాట్లు పెట్టి, కూతురితో మాట్లాడింది.

పాతబస్తీలో ఉండే మిత్రురాలు ఏప్రిల్ చివరలో మొదలైన రంజాన్ గురించి ఉర్దూలో చెప్పి పంపింది. మసీదుల్లో నమాజు లేదు, ఇఫ్తార్‌కు వచ్చేవారు లేరు. అత్తగారు బతికి ఉన్నప్పటి నుంచి ఏటా యాభై మందికి వండిన చేతులు నలుగురికి వండితే కొలత కుదరడం లేదన్నది. చార్మినార్ దగ్గర రంజాన్ రాత్రుల్లో దుకాణాలు మూసి ఉండడం తాను ఎన్నడూ చూడలేదన్నది. అదే ఏడాది అక్టోబరులో హైదరాబాదును కుండపోత వానలు ముంచెత్తాయి. గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్ మునిగినప్పుడు వాళ్ల చెల్లెలి ఇల్లు నీళ్లలో ఉంది. మాస్కులు, దూరాలు అన్నీ పక్కనపెట్టి పదిహేను మంది ఒక మేడ మీద రాత్రంతా కూర్చున్నారు. 1908లో మూసీ పొంగినప్పుడు చింతచెట్టెక్కి బతికిన వాళ్ల కథలు తమ నానమ్మ చెప్పేదని, తనకూ ఇప్పుడు మనవలకు చెప్పడానికి సరిపడా కథ ఉందని అన్నప్పుడు ఆమె గొంతులో నవ్వు కూడా ఉంది. ఒక విపత్తులో ఇంకొక విపత్తు వస్తే చరిత్ర పుస్తకాల్లో వేర్వేరు అధ్యాయాలు రాస్తాం. ఆమె మెసేజ్‌లో రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి.

ఆ కాలం గురించి రాసేటప్పుడు చాలామంది ముసలివారిని రక్షణ పొందినవారిగానే చూపిస్తారు. మా వాళ్లలో చేతులు ముడుచుకుని కూర్చున్నవారు తక్కువ. నిర్మల్ వైపు ఉండే ఒకామె ఇంటికి జాతీయ రహదారి దగ్గర. మేడ్చల్, కామారెడ్డి మీదుగా నాగపూర్ వైపు వెళ్లే ఆ నలభై నాలుగో నంబరు రహదారి మీద పిల్లలను భుజాన వేసుకుని నడిచిపోతున్న వలస కూలీలను చూసి, భర్తతో, పక్కింటివాళ్లతో కలిసి పులిహోర పొట్లాలు కట్టింది. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు వలస కూలీల కోసం దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు బయలుదేరిన వార్త పెట్టి, ‘ముందే వేస్తే ఏమయ్యేది’ అని ఒక్క మాట రాసింది. లెక్కల టీచరుగా పనిచేసిన మరొకామె, సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, రాష్ట్ర ప్రభుత్వ చానెల్ టీ-శాట్ ద్వారా పాఠాలు మొదలైనప్పుడు, టీవీ లేని అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పిల్లలను తన వరండాలో కూర్చోబెట్టి పాఠం చూపించి, తర్వాత మళ్లీ తానే చెప్పేది. ‘టీవీ సారు ప్రశ్న అడిగి జవాబు వినకుండానే బాగుంది అంటాడు’ అని ఆమె ఫిర్యాదు.

నవంబరులో పింఛనుదారులు ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రం గురించిన గొడవ కొంతకాలం నడిచింది. ఆ ఏడాది కేంద్రం తన పింఛనుదారులకు గడువును డిసెంబరు 31 వరకు పొడిగించింది. వేలిముద్రలు పడని వేళ్లు, మాస్కు తీస్తేనే గుర్తుపట్టే యంత్రాలు. ‘బతికున్నానని ప్రభుత్వానికి చెప్పే ముందు మీకు చెబుతున్నాను’ అని ఒకామె రాసింది. దాని వెనకాలే సెప్టెంబరు 25న పోయిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం మీద మాటలు ఇంకా కొనసాగుతూనే ఉన్నాయి. 1966లో ఆయన తన తొలిపాట పాడారు, 68లో మేము హాస్టల్లో రేడియో చుట్టూ చేరేవాళ్లం. మా తరానికి ఆయన చావు సొంతింటి చావే.

ఇక రెండో అల. 2021 ఏప్రిల్, మే నెలల మెసేజ్‌లు చాలా పొట్టివి. అంతకుముందు ఫోను తెర నిండా రాసినవాళ్లు ఆక్సిజన్ శాతం మాత్రం పంపేవారు. తొంభై నాలుగు. తొంభై ఒకటి. మంచం దొరికింది. దొరకలేదు. మే 12 నుంచి తెలంగాణలో మళ్లీ లాక్‌డౌన్. ఆ రెండు నెలల్లో మా గ్రూపు ఇద్దరిని పోగొట్టుకుంది. వారిలో ఒకరు ఆ ఆదివారం పద్ధతి పెట్టిన ప్రధానోపాధ్యాయురాలే.

ఆమె పోయిన రోజు గ్రూపు నిండా చేతులు జోడించిన బొమ్మలు, ‘ఓం శాంతి’లు వరుసగా పడ్డాయి. అప్పుడు ఎవరో, ఫార్వర్డ్‌లు వద్దన్న మనిషికి ఫార్వర్డ్ బొమ్మలతో వీడ్కోలా అన్నారు. ఆ మాట తగిలింది. బొమ్మలు ఆగిపోయి, ఒక్కొక్కరు ఆమె గురించి తమకు మాత్రమే తెలిసిన ఒక్క సంగతి రాయడం మొదలుపెట్టారు. హాస్టల్లో రాత్రి దీపాలు ఆర్పాక టార్చిలైటు కింద చదివేదని ఒకరు, 69లో కళాశాల మూతబడినప్పుడు ఊళ్లో సంబంధం ఖాయం చేస్తుంటే తండ్రితో నెలరోజులు మాట్లాడకుండా ఉండి తిరిగి వచ్చిందని ఇంకొకరు, సుల్తాన్ బజార్‌లో గాజులు బేరమాడడంలో ఆమెను మించినవారు లేరని మరొకరు. వాళ్ల అబ్బాయికి అవన్నీ పంపితే, అందులో సగం తనకు తెలియదన్నాడు. పదకొండో రోజు కర్మ ఫోనులోనే చూశాం. ఇరవై మందికి మించి రాకూడదు కదా. చూడడం అయితే చూశాం గానీ, ఆ రోజు నాకు మిగిలింది మా వాళ్లు రాసినదే.

ఒక విషయం కఠినంగానే చెప్పాలి. భర్తలను పోగొట్టుకున్న మిత్రురాళ్లలో ఒకరు ఆరునెలలు గ్రూపులో మాట్లాడలేదు. తర్వాత రాసిన మొదటి కబురు దుఃఖం గురించి కాదు, బ్యాంకు ఖాతా గురించి. కరెంటు బిల్లు ఎక్కడ కడతారో, ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఏ ఊరి శాఖలో ఉన్నాయో, నామినీగా ఎవరి పేరుందో, ఆయన ఫోను తెరిచే అంకెలు ఏవో ఆమెకు తెలియదు. బి.ఎ.లో ఆర్థిక శాస్త్రం మొదటి తరగతిలో పాసైన మనిషి. ఆమె ఆ మాట సిగ్గుపడుతూనే రాసింది. ఆ తర్వాతి వారాల్లో తేలింది ఏమిటంటే, ఉద్యోగం చేసి జీతం తెచ్చిన వాళ్లలో కూడా చాలామంది ఏటీఎం కార్డు ఇంట్లో ఆయన చేతికే ఇచ్చారు. చదువు మమ్మల్ని జీతం దాకా తీసుకుపోయింది, పాసుపుస్తకం దాకా తీసుకుపోలేదు. ఆ రోజుల్లో మా ఆదివారాలు కుటుంబ పింఛను దరఖాస్తులు, నామినీ మార్పులు, వీలునామాలతో గడిచాయి. అవి నీరసమైన విషయాలని కొందరు అన్నారు. నా దృష్టిలో మా గ్రూపు చేసిన అతి ముఖ్యమైన పని అదే.

టీకా సంగతి తొందరగా చెప్పేస్తాను. 2021 మార్చి 1 నుంచి అరవై దాటినవారికి ఇవ్వడం మొదలైంది. టీకాల వెబ్‌సైట్ కోవిన్‌లో పేర్లు నమోదు చేయడానికి మాలో ఒకామె అందరి ఆధార్ నంబర్లూ తీసుకుని కూర్చుంది. కోవాగ్జిన్ మన హైదరాబాదు జీనోమ్ వ్యాలీలో తయారైందని కొందరి పట్టుదల, కోవిషీల్డే మంచిదని కొందరి వాదం. కోవిషీల్డ్ రెండో డోసు వ్యవధిని మే నెలలో పన్నెండు నుంచి పదహారు వారాలకు పెంచినప్పుడు మాత్రం అందరూ కలిసి ఆందోళన పడ్డారు.

ఇప్పుడు చరిత్ర అధ్యాపకురాలిగా మాట్లాడతాను. ఈ కబుర్లను ఆధారాలుగా చూస్తే వీటిలో ఎవరు లేరు అన్నది కూడా అడగాలి. స్మార్ట్‌ఫోను లేనివారు వీటిలో లేరు. ఉండీ, ఆన్‌లైన్ క్లాసుల కోసం మనవడి చేతికి ఇచ్చినవారు పగలంతా లేరు. 69లో హాస్టల్ వదిలి తిరిగి రాని అమ్మాయిలు లేరు, వాళ్లు మా బ్యాచ్‌లో ఉన్నారో లేదో కూడా మేము నిర్ణయించుకోలేదు. పనిమనిషి రాకపోవడం గురించి ఎన్నో మెసేజ్‌లు ఉన్నాయి, ఆ పనిమనిషి ఏం తిన్నదన్నది రెండు మూడింటిలోనే ఉంది. జీతం ఆపకుండా ఇచ్చామని రాసినవారు ఉన్నారు. రాయనివారు ఇచ్చారో లేదో నేను అడగలేదు, అడిగి ఉంటే జవాబు ఏమొచ్చేదో ఊహించగలను. మరొక మిత్రురాలి మెసేజ్‌లు ఎప్పుడూ మధ్యాహ్నం రెండు గంటలకే, గొంతు తగ్గించి చెప్పినవే ఉంటాయి. ఆ ఇంట్లో ఆ గంట ఎవరో నిద్రపోతారని మాకు అర్థమైంది. ఆమె ఎన్నడూ చెప్పలేదు. ఇవి పింఛను ఉన్న, పైకప్పు ఉన్న, తెలుగు, ఉర్దూ, ఇంగ్లిషుల్లో ఏదో ఒకటి ధారాళంగా రాయగల స్త్రీల కబుర్లు. రేపు ఎవరైనా వీటిని చదివి ఆ కాలపు వృద్ధ స్త్రీలందరూ ఇలా ఉన్నారని రాస్తే అది తప్పు చరిత్ర అవుతుంది.

2022 మార్చి చివరలో విదేశీ విమానాలు మామూలుగా తిరగడం మొదలయ్యాక ఆదివారం వంతులు పలచబడ్డాయి. శుభలేఖలు వచ్చాయి, డల్లాస్ ఫొటోలు వచ్చాయి, పువ్వుల బొమ్మలు తెల్లవారుజామునే తిరిగి వస్తున్నాయి. దీనికి నేను విచారించను. పెళ్లిళ్లు జరగడం మంచిదే. కానీ వంతు వచ్చినవారు ఇప్పటికీ కొందరు రాస్తున్నారు, అందులో పిల్లల వాక్యాలు రెండే ఉంటున్నాయి.

చివరిగా ఒక పని గురించి. ఆ మెసేజ్‌లు ఫోన్లలో ఉన్నాయి. ఫోను మార్చినప్పుడు కొన్ని పోయాయి, చోటు చాలక పిల్లలు కొన్ని తుడిచేశారు. మిగిలినవాటిని మేము కాగితం మీదికి ఎక్కిస్తున్నాం, ఎవరి భాషను వారి లిపిలోనే. 2022లో విశ్వవిద్యాలయమై, 2024 నుంచి చాకలి ఐలమ్మ పేరు ధరించిన ఈ సంస్థ గ్రంథాలయానికి ఒక ప్రతి ఇవ్వాలని మా కోరిక. ప్రతి పుట పైన రాసినామె పుట్టింటి పేరు, అత్తింటి పేరు రెండూ ఉంటాయి, లోపల ఎవరి పేరు వద్దన్నారో వారివి ఉండవు. తెలుగు భాగం దాదాపు పూర్తయింది. ఉర్దూ వాయిస్ మెసేజ్‌లు విని రాసిపెట్టే చేయి మాకు కావాలి. నాకు వినడం వచ్చు గానీ ఉర్దూ లిపి రాయడం రాదు. ఈ సభలో ఆ లిపి వచ్చిన పిల్లలు ఎవరైనా ఉంటే, భోజనాలకు వెళ్లేముందు నన్ను కలవండి. వాటితోపాటు, మా తర్వాతి బ్యాచ్‌ల వాళ్లు కూడా ఆ రెండేళ్లలో దాచుకున్నవి ఏమైనా ఉంటే తుడిచేయకండి, మాకు పంపండి. సెలవు.